వార్షిక నివేదిక 2024–25: తల్లీబిడ్డల ఆరోగ్య విభాగం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన కాలనీ సంక్షేమ సంఘం ఎక్కువగా పనిచేసింది గర్భిణుల కోసమే. పార్కు లైట్లు, డ్రైనేజీ మూతల లెక్కలు కోశాధికారి నివేదికలో ఉన్నాయి.

కాలనీ వెనక అపార్ట్‌మెంట్లు కడుతున్న చోట రేకుల షెడ్లలో కొన్ని కుటుంబాలున్నాయి. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి పనికి వచ్చినవాళ్లు. అక్కడి ఆడవాళ్లు దవాఖానాలో పేరు రాయించుకునేది నాలుగో నెలలోనో ఐదో నెలలోనో. తెలియక కాదు. వెళ్తే ఆ రోజు కూలి పోతుంది, భర్త తోడు వస్తే ఇద్దరిదీ పోతుంది. సంగతి తెలిస్తే మేస్త్రీ పనిలోకి వద్దంటాడేమోనని ఒక టెన్షన్. ఆధార్‌లో సొంతూరి అడ్రసుంది, ఇక్కడ రాస్తారో లేదోనని ఇంకో అనుమానం.

అసలు నష్టం ఈ ఆలస్యంలోనే ఉంది. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకోవాలి. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. అది మూసుకోకపోతే వచ్చే లోపాలను చాలావరకు ఆపేది ఫోలిక్ యాసిడ్. పిల్లలు కావాలనుకునేవాళ్లు రోజుకు 400 మైక్రోగ్రాములు గర్భానికి ముందునుంచే వేసుకోవాలి. నాలుగో నెలలో మొదలుపెట్టిన మాత్ర రక్తహీనతకు పనికొస్తుంది గానీ వెన్నుకు కాదు. ప్రతి నెలా 9న ప్రభుత్వం చేసే ఉచిత పరీక్షలు కూడా మూడో నెల దాటినవాళ్లకే. అందుకే మా కార్యకర్తలు ఆశా అక్కతో కలిసి గర్భిణుల కంటే ముందు కొత్తగా పెళ్లయినవాళ్ల దగ్గరికి వెళ్లారు. అత్తలు మొదట వింతగా చూశారు. ఫిట్స్ మాత్రలు వాడుతున్నవాళ్లకు ప్రత్యేకంగా చెప్పాం: కొన్ని రకాలతో బిడ్డకు ముప్పు ఉంది, అలాగని సొంతంగా మానేయొద్దు, డాక్టరుతో మాట్లాడి మార్పించుకోవాలి.

ప్రతి లోపానికీ పేదరికమే కారణమని మేం అనడం లేదు. చాలావాటికి కారణం డాక్టర్లకే అంతుపట్టదు. మేనరికాలు, షుగరు మన మేడల్లోనూ ఉన్నాయి. కానీ మేడలో ఉన్నావిడకు ఐదో నెలలో బిడ్డ అవయవాలు చూసే టిఫా స్కాన్‌లో తెలిసేది, షెడ్డులో ఉన్నావిడకు కాన్పు రోజున తెలుస్తోంది. తెలిశాక కూడా నిందే ముందు వస్తుంది. మొర్రితో పుట్టిన ఒక పాప నాయనమ్మ, కోడలు గ్రహణం నాడు కత్తిపీట పట్టుకుందని నెలల తరబడి సాధించింది. ఆపరేషన్‌తో సరిచేయొచ్చని పిల్లల డాక్టరు నోటితో చెప్పించాకే ఆమె కాస్త తగ్గింది.

వంకర పాదాలతో పుట్టిన ఒక బాబు సంగతి కూడా చెప్పాలి. ఇలాంటి పిల్లలకు వారం వారం పిండికట్టు మార్చాలి. 2013 నుంచి ఉన్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్యం ఉచితమే. ఆటో కిరాయి, పోయిన కూలి మాత్రం ఎవరూ ఇవ్వరు. మూడో కట్టు తర్వాత తల్లి వెళ్లడం మానేసింది. మేం వెళ్లేసరికి కట్టు సిమెంటు దుమ్ముతో నల్లబడి, బొటనవేలి దగ్గర ఒరుసుకుని ఉంది. సంఘం ఆటో ఖర్చు పెట్టుకుంది, ఆ రోజు సెలవిమ్మని మేస్త్రీని ఒప్పించింది. కట్లు పూర్తయ్యాయి. ఇప్పుడు రాత్రిళ్లు పట్టీ బూట్లు వేస్తున్నారు. నాలుగేళ్లు వచ్చేదాకా వేయాల్సిందే, మధ్యలో మానేస్తే పాదం మళ్లీ తిరుగుతుంది. ఈలోగా ఈ బిల్డింగు పని అయిపోయి ఆ కుటుంబం వేరే ఊరు వెళ్లిపోవచ్చు. అందుకే కాగితాలన్నీ జిరాక్స్ తీయించి వాళ్ల చేతికే ఇచ్చాం.

గత సమావేశంలో ఒకరిద్దరు, మన చందాలు బయటివాళ్లకెందుకని అడిగారు. మన ఇళ్లలో అంట్లు తోమేవాళ్లలో ఎక్కువమంది ఆ షెడ్లవాళ్లే. కాబట్టి ఈసారి డబ్బు అడగడం లేదు. సర్వసభ్య సమావేశం ముందు ఒక తీర్మానం పెడుతున్నాం: ఇంట్లో పనిచేసే మనిషి గర్భిణి అయితే పరీక్షల రోజున జీతం కోయకుండా సెలవివ్వాలి. అభ్యంతరాలుంటే సమావేశానికి వారం ముందే రాతపూర్వకంగా ఇవ్వగలరు.

— కార్యదర్శి