పురుగు మందు డబ్బా మీద రాత మొదటిసారి కొట్టేవాడికి అర్థం కావాలి

సంపాదకుడు గారికి నమస్కారం.

నాది హనుమకొండ జిల్లా పరకాల దగ్గర ఒక ఊరు. 2021లో హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చి నాలుగెకరాల్లో పత్తి, మిరప వేస్తున్నాను. పురుగు మందు ఎలా కలపాలి, మందు కొట్టే పంపు ఎలా బిగించాలి అని కొత్తవాళ్లకు చెప్పే కాగితాలు, వీడియోలు ఎంత అధ్వానంగా ఉన్నాయో ఎవరో ఒకరు రాయాలి కదా అని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను వచ్చిన ఏడాదే మిరప మీద నల్ల తామర పురుగు పడింది. వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం వైపు ఆ సంవత్సరం ఎన్ని తోటలు పోయాయో మీ పేపర్ చదివేవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అందరూ పరుగులు పెడుతుంటే నేను కూడా ఒక బ్యాటరీ పంపు కొన్నాను. దాంతో వచ్చిన చిన్న పుస్తకంలో తెలుగు ముక్క లేదు. సరే అని ఫోన్‌లో వీడియో పెట్టుకున్నాను. మొదటి రెండు నిమిషాలు పరిచయం, వెనకాల గట్టిగా మ్యూజిక్, ఆ తర్వాత ఆయన "ఇదిగో దీన్ని ఇక్కడ పెట్టి ఇలా తిప్పేస్తే అయిపోయింది" అన్నాడు. ఆ తిప్పేటప్పుడు సరిగ్గా ఆయన చెయ్యే కెమెరాకు అడ్డం వచ్చింది. వెనక్కి జరిపి ఆరేడు సార్లు చూసినా ఆ చెయ్యి కింద ఏముందో నాకు కనబడలేదు.

ఉన్నది ఒక రబ్బరు వాషర్. నా డబ్బాలో అది చిన్న కవర్‌లో విడిగా అడుగున పడి ఉంది, నేను చూడనే లేదు. అది లేకుండానే పైపు బిగించి, మందు నింపి, వీపుకు తగిలించుకుని చేనులో దిగాను. రెండో సాలులో నడుము దగ్గర చల్లగా తగిలితే చెమట అనుకున్నాను. నాలుగో సాలు దాటేసరికి అంగీ వెనకంతా తడిసి వీపు మంట మొదలైంది. మా అమ్మ బోరు దగ్గర కూర్చోబెట్టి సబ్బు పెట్టి కడిగింది, అయినా రాత్రంతా తలనొప్పి, వాంతులు. ఆ వీడియో చేసినాయన పని బాగా తెలిసినవాడే, నాకు ఆయన మీద కోపం లేదు. ఏళ్ల తరబడి బిగించిన చేతికి వాషర్ కూడా చెప్పాల్సిన విషయమని తోచదు, అక్కడే కొత్తవాడు దెబ్బ తింటాడు.

ఇక మందు సీసాతో వచ్చే కాగితం. 1971 నాటి క్రిమిసంహారక మందుల నిబంధనల ప్రకారం అది హిందీ, ఇంగ్లిష్‌తో పాటు ప్రాంతీయ భాషలో కూడా ఉండాలి, విషం ఎక్కితే ఏ లక్షణాలు కనిపిస్తాయి, విరుగుడు ఏమిటి అన్నవి కూడా అందులోనే ఉండాలి. తెలుగు ఉంటుంది, కాదనను. కానీ ఆ అక్షరాలు ఫోన్ కెమెరాతో పెద్దవి చేసుకుంటే తప్ప కనబడవు. కనబడ్డాక చూస్తే మోతాదు హెక్టారుకు రాసి ఉంటుంది. మా ఊళ్లో ఎవరైనా హెక్టారు అనగా విన్నారా? మాకు ఎకరాలు, గుంటలు. మందు కలిపేది పంపులో, అది 16 లీటర్లు.

ఉదాహరణకు కాగితం మీద హెక్టారుకు 500 మిల్లీలీటర్లు, 500 లీటర్ల నీళ్లలో అని ఉందనుకోండి. హెక్టారంటే 2.47 ఎకరాలు, కాబట్టి ఎకరానికి సుమారు 200 మిల్లీలీటర్లు, నీళ్లు 200 లీటర్లు, అంటే పంపుకు 16 మిల్లీలీటర్ల చొప్పున పన్నెండు పదమూడు పంపులు. నేను డిగ్రీ చదివినా కాగితం, పెన్ను తీసుకుని లెక్క వేసుకోవాల్సి వచ్చింది. మా చిన్నాయన ముప్పై ఏళ్లుగా అడిగే ప్రశ్న ఒక్కటే: "పంపుకు ఎన్ని మూతలు పోయాలె కొడుకా?" ఆ ఒక్క ప్రశ్నకు ఆ కాగితంలో జవాబు లేదు. ఒక్కో సీసా మూత ఒక్కో కొలత కాబట్టి ఆయన అంచనా ఎప్పుడు ఎక్కువో, ఎప్పుడు తక్కువో ఆయనకే తెలియదు. కొలత గీతలున్న చిన్న కప్పు ప్రతి సీసాతో ఇచ్చి "16 లీటర్ల పంపుకు ఈ గీత దాకా" అని పెద్ద అక్షరాల్లో రాస్తే ఏం పోతుంది?

విరేచనాలైతే ఇచ్చే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కూడా ఇంతే. ఒక లీటరు నీళ్లలో కలపాలని రాసి ఉంటుంది, ఇళ్లలో మాత్రం గ్లాసులో కలిపి పిల్లలకు తాగిస్తారు. "లీటరు వాటర్ బాటిల్ నిండా నీళ్లు" అని బొమ్మ వేస్తే ఆ పొరపాటు చాలావరకు తగ్గుతుంది.

సీసా మీద రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదకరం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. మా వాడలో పదిమందిని అడిగితే ఇద్దరు చెప్పారు, మిగతావాళ్లు కంపెనీ గుర్తు అనుకుంటున్నారు. కాయ తెంపడానికి ఎన్ని రోజుల ముందు మందు ఆపాలో కూడా ఆ కాగితంలోనే ఉంటుంది, అది మిరప కొని తినేవాళ్లందరి సంగతి. మన ఆదిలాబాద్‌కు ఆనుకుని ఉన్న యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తికి మందు కొడుతూ విషం ఒంట్లోకి ఎక్కి 20 మందికి పైగా చనిపోయారు. ఆ వార్త తలుచుకుంటే నా తడిసిన అంగీ గుర్తొచ్చి ఇప్పటికీ భయమేస్తుంది.

వీడియోలు చేసే అన్నలకు, అక్కలకు నా మనవి: మీ ముఖం కన్నా మీ చేతులు చూపించండి, కెమెరాను భుజం మీద నుంచి పెట్టండి, అప్పుడు మీ కుడి చెయ్యి మాకూ కుడి వైపే కనబడుతుంది. "ఇది", "అది" అనకుండా వస్తువు పేరు చెప్పండి, షాపులో ఏ పేరుతో అడిగితే ఇస్తారో అది కూడా చెప్పండి. డబ్బాలో ఉన్నవన్నీ ముందే గోనె సంచి మీద పరిచి లెక్కపెట్టి చూపండి. మందు పోసే ముందు ఉత్త నీళ్లతో నడిపి ఎక్కడైనా కారుతుందా చూడమని చెప్పండి. ఆ ఒక్క మాట ఆ రోజు ఎవరైనా చెప్పి ఉంటే నా వీపు కాలేది కాదు.

అధికారులను అడిగేది ఇంకొకటి ఉంది. వరంగల్‌లో వ్యవసాయ కళాశాల ఉంది, ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది, ఊళ్లలో రైతు వేదికలు కట్టారు, ప్రభుత్వ టీశాట్ టీవీ చానళ్లు ఉన్నాయి. అగ్రికల్చర్ బీఎస్సీ పిల్లలు చివరి ఏడాది ఎలాగూ ఊళ్లలో ఉండి పనిచేస్తారు. ఆ పిల్లలతో తెలుగులో ఒక పేజీ కాగితం, ఐదు నిమిషాల వీడియో తయారు చేయించండి. విడుదల చేసే ముందు పంపు ఎప్పుడూ ముట్టని మనిషికి ఇచ్చి, పక్కన నోరు మూసుకుని కూర్చోమనండి. అతను ఎక్కడ ఆగితే అక్కడ మీ రాత తప్పు, అక్కడ మార్చి ఇంకొకరికి ఇవ్వాలి. పరీక్ష ఉత్త నీళ్లతోనే చేయొచ్చు, ఖర్చు కూడా ఏమీ లేదు. ఈ వానాకాలం పత్తికి మందులు మొదలయ్యేలోపు ఒక్క పంపుకైనా, ఒక్క మందుకైనా ఈ పని చేసి చూడండి.

కాగితం పరీక్షించడానికి మనిషి కావాలంటే మా చిన్నాయన ఉన్నాడు. నాలుగో తరగతి దాకా చదివాడు, కళ్లద్దాలు పెట్టుకుని మీ పేపర్ రోజూ చదువుతాడు. బ్యాటరీ పంపు ఇప్పటిదాకా ముట్టలేదు.

– ఒక యువ రైతు, పరకాల మండలం, హనుమకొండ జిల్లా