లాగ్ ఫైళ్లను తుడిచేస్తున్న మీ రాత్రి స్క్రిప్టుపై ఫిర్యాదు

తిరుపతి

సర్వర్ నిర్వహణ విభాగం మేనేజర్ గారికి,

విషయం: సర్వర్‌లో జరిగేవి నమోదయ్యే లాగ్ ఫైళ్లుండే వార్ లాగ్ డైరెక్టరీలో నడుస్తున్న డిలీట్ స్క్రిప్టును ఆపి, సరైన లాగ్ రొటేషన్ (పాత లాగును పక్కకు మార్చి కొత్తది మొదలుపెట్టే పద్ధతి) పెట్టడం గురించి.

అయ్యా,

తిరుపతి రైల్వే స్టేషను, బస్టాండు చుట్టుపక్కల లాడ్జీల గదులను ఆన్‌లైన్‌లో బుక్ చేసే సర్వర్ మీ సంస్థ నిర్వహణలో ఉంది. దాని మీద నడిచే సాఫ్ట్‌వేర్‌ను చూసుకునేది మేము. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు విడుదలైన రోజున, టికెట్ దొరికినవాళ్లంతా వెంటనే గదుల కోసం వచ్చిపడతారు. సరిగ్గా అలాంటి రోజే డిస్కు నిండిపోయి బుకింగులు ఆగిపోయాయి. లాగులు డిలీట్ చేశామని, సర్వర్‌ను రీస్టార్ట్ చేశామని రాసి మీ సపోర్టు వాళ్లు మా ఫిర్యాదు టికెట్టును మూసేశారు. డిస్కు మళ్లీ నిండుతోంది. మీరు మందు అనుకుంటున్న స్క్రిప్టే ఇక్కడ జబ్బు కాబట్టి ఈ లేఖ రాయవలసి వచ్చింది.

ఆ స్క్రిప్టు రోజూ అర్ధరాత్రి క్రాన్ (నిర్ణీత వేళకు పనులు నడిపే ఏర్పాటు) ద్వారా నడుస్తుంది. వార్ లాగ్ కింద 500 ఎంబీ దాటిన ఫైలునూ, 7 రోజులు దాటిన ఫైలునూ ఆర్‌ఎం కమాండ్‌తో తీసేస్తుంది. ఆ ఫైలును ఏ ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) అయినా తెరిచి ఉంచిందా అని చూడదు.

లినక్స్‌లో ఆర్‌ఎం తీసేసేది డైరెక్టరీలో ఉన్న పేరును మాత్రమే. ఫైలును ఒక ప్రాసెస్ తెరిచి పట్టుకుని ఉన్నంతసేపు దాని ఐనోడ్ (ఫైలు వివరాల నమోదు), అది డిస్కులో ఆక్రమించిన బ్లాకులు అలాగే ఉంటాయి. పేరు పోయిన ఫైల్లోకే ఆ ప్రాసెస్ రాస్తూ పోతుంది. అందుకే ఆ రోజు డిస్కు ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కమాండ్ 100 శాతం చూపిస్తుంటే, పేరున్న ఫైళ్ల సైజులు కూడే డీయూతో వార్ లాగ్ మొత్తం కూడినా దాంట్లో చిన్న భాగం కూడా లెక్కకు రాలేదు. ఈ తేడా కనబడగానే చేయాల్సిన పని ఒక్కటే: తెరిచి ఉన్న ఫైళ్లను చూపే ఎల్‌ఎస్‌ఓఎఫ్‌ను రూట్‌గా (పూర్తి అధికారాలున్న యూజర్‌గా) ప్లస్ ఎల్1 ఆప్షన్‌తో నడపాలి. పేరు పోయి ఇంకా తెరిచి ఉన్న ఫైళ్లు, వాటి సైజు, పట్టుకున్న ప్రాసెస్ నంబరు, ఆ ప్రాసెస్‌లో ఫైలుకున్న డిస్క్రిప్టర్ నంబరు అన్నీ వరుసగా వస్తాయి. మేము నడిపి చూస్తే పైవరుసలో ఉన్నది మా బుకింగ్ అప్లికేషన్ లాగే, పక్కనే డిలీటెడ్ అన్న గుర్తుతో.

ఆ సమయంలో మీవాళ్లు రీస్టార్ట్ చేశారు. ప్రాసెస్ ఆగింది కనుక జాగా తిరిగి వచ్చింది. దాంతో పాటు అందులోని లాగ్ కూడా శాశ్వతంగా పోయింది. ప్రాసెస్ బతికి ఉన్నంతవరకు, నడుస్తున్న ప్రాసెస్‌ల వివరాలుండే ప్రాక్ కింద ఆ ప్రాసెస్ నంబరు డైరెక్టరీలో, ఎఫ్‌డీ అన్న చోట ఆ డిస్క్రిప్టర్ నంబరుతో ఫైలు అందుబాటులోనే ఉంటుంది. దాన్ని వేరే డిస్కుకు కాపీ చేసుకుని, ఆ తర్వాత అదే దారిలో సున్నాకు ట్రంకేట్ చేస్తే (లోపలిది ఖాళీ చేస్తే) సర్వీసు ఆగకుండానే జాగా వచ్చేది, లాగూ మిగిలేది. డబ్బు కట్ అయింది కానీ గది రాలేదంటున్న యాత్రికులకు, వాళ్ల తరఫున అడిగే బ్యాంకులకు చూపించాల్సిన పేమెంట్ గేట్‌వే (చెల్లింపులు జరిపే సంస్థ) జవాబులు ఆ ఫైల్లోనే ఉన్నాయి. ఇప్పుడు ఒక్కో లావాదేవీకి గేట్‌వే వాళ్ల రికార్డులు తెప్పించుకుని సరిచూడాల్సి వస్తోంది.

ట్రంకేట్ చేసేటప్పుడు కూడా ఒక జాగ్రత్త ఉంది. ప్రోగ్రాం ఆ ఫైలును అపెండ్ మోడ్‌లో (ఎప్పుడూ చివరనే చేర్చేలా) తెరిచి ఉండాలి. లేకపోతే అది తన పాత స్థానం నుంచే రాస్తుంది. ఫైలు మొదట్లో సున్నాలతో నిండిన పెద్ద ఖాళీ ఏర్పడి, ఎల్ఎస్‌లో మళ్లీ పాత సైజే కనబడుతుంది. ప్రాక్ కిందే ఎఫ్‌డీఇన్ఫోలో ఆ డిస్క్రిప్టర్‌కు ఉన్న ఫ్లాగ్స్ వరుస చూస్తే తెలుస్తుంది: అందులో ఆక్టల్ 2000 బిట్ ఉంటే అపెండ్ మోడ్ అన్నమాట.

అసలు లాగులు అంతగా ఎందుకు పెరిగాయో మీరు వెతకలేదు. లాగులను రొటేట్ చేసే లాగ్‌రొటేట్ ప్రోగ్రాం సర్వర్‌లో ఉంది, రోజూ నడుస్తూనే ఉంది. కానీ అప్లికేషన్ లాగ్ డైరెక్టరీకి మీవాళ్లు 777 పర్మిషన్ ఇచ్చారు. ఎవరైనా రాయగలిగిన డైరెక్టరీలో రూట్‌గా పేర్లు మార్చడం ప్రమాదం కనుక, లాగ్‌రొటేట్ అలాంటి డైరెక్టరీలోని ఫైళ్లను ముట్టుకోదు. పేరెంట్ డైరెక్టరీ పర్మిషన్లు సురక్షితంగా లేవని ప్రతి రాత్రి ఎర్రర్ రాసి వదిలేస్తుంది. సిస్టమ్ సందేశాలు చూపే జర్నల్‌సీటీఎల్‌లో లాగ్‌రొటేట్ సర్వీసును చూస్తే ఆ ఎర్రర్ రాత్రి రాత్రికీ కనబడుతుంది. మైనస్ డీ ఆప్షన్‌తో ఉత్తుత్తిగా నడిపి చూసుకున్నా ఏ ఫైలు విషయంలో ఏం చేయబోతోందో ముందే చెబుతుంది, దేన్నీ మార్చదు. ఆ ఒక్క ఎర్రర్ చదివి ఉంటే డిలీట్ స్క్రిప్టు రాయాల్సిన అవసరమే రాదు. డైరెక్టరీ యజమానిగా అప్లికేషన్ యూజర్‌ను పెట్టి, పర్మిషన్ 750 చేస్తే (బయటివాళ్లకు ఏ హక్కూ లేకుండా) చాలు. లాగుల్లో యాత్రికుల ఫోన్ నంబర్లు ఉంటాయి. ఆ కారణానికైనా 777 ఉండకూడదు.

స్క్రిప్టు చేసిన ఇంకో పని ఇంతకన్నా పెద్దది. మా డేటాబేస్ బిన్‌లాగ్ ఫైళ్లు వార్ లాగ్ కింద మైఎస్‌క్యూఎల్ డైరెక్టరీలో ఉన్నాయి. పేరులో లాగ్ ఉన్నా అవి పారేయాల్సిన చెత్త కాదు. బ్యాకప్ తీసిన క్షణం నుంచి ప్రమాదం జరిగిన క్షణం వరకు జరిగిన మార్పులన్నీ వాటిలోనే ఉంటాయి, రెప్లికా (డేటాబేస్ నకలు నడిపే సర్వర్) కూడా వాటినే చదువుతుంది. వాటిని ఆర్‌ఎంతో తీసేస్తే వాటి జాబితా ఉండే ఇండెక్స్ ఫైలుకూ డిస్కులో ఉన్నదానికీ పొంతన తప్పుతుంది. వెనకబడిన రెప్లికా తనకు కావాల్సిన ఫైలు దొరక్క ఆగిపోతుంది. పాతవి తీయాలంటే ముందు రెప్లికా ఏ ఫైలు దాకా చదివిందో చూసుకుని, డేటాబేస్ లోపలి నుంచే పర్జ్ బైనరీ లాగ్స్ కమాండ్ ఇవ్వాలి. మైఎస్‌క్యూఎల్ 8.0లో బిన్‌లాగ్ గడువు డిఫాల్ట్‌గా 25,92,000 సెకన్లు, అంటే 30 రోజులు. జాగా చాలకపోతే ఆ సెట్టింగు తగ్గించాలి తప్ప బయటి నుంచి ఫైళ్లు తీయకూడదు.

సమస్య చెప్పినప్పుడు మీ ఇంజనీరు కాపీట్రంకేట్ (లాగును కాపీ చేసి, అసలు ఫైలును సున్నా చేసే పద్ధతి) పెడతామన్నారు. బుకింగ్ లాగుకు అది వద్దు. ఫైలును కాపీ చేయడానికీ సున్నా చేయడానికీ మధ్య వచ్చిన వరుసలు ఎక్కడా మిగలవు. రద్దీ ఉన్నప్పుడే అవి ఎక్కువగా పోతాయి. పైగా పెద్ద ఫైలును కాపీ చేయడానికి అంతే ఖాళీ జాగా కావాలి, నిండబోతున్న డిస్కులో అది ఎక్కడిది? మా అప్లికేషన్ హప్ సిగ్నల్ అందుకుంటే లాగును మళ్లీ తెరుస్తుంది. వెబ్ సర్వర్ ఎన్‌జినెక్స్‌కు యూఎస్ఆర్1 సిగ్నల్ చాలు. పాత ఫైలు పేరు మార్చి, కొత్తది 640 పర్మిషన్‌తో సరైన యూజర్ పేరున సృష్టించి, రొటేట్ అయ్యాక నడిచే పోస్ట్‌రొటేట్‌లో ఆ సిగ్నల్ పంపండి. ఫైలును వెంటనే కుదించకుండా తర్వాతి సారికి ఆపే డిలేకంప్రెస్ కూడా ఉండాలి, ఎందుకంటే సిగ్నల్ అందేలోపు ప్రాసెస్ పాత ఫైల్లోకే రాస్తుంటుంది. ఏ ఫైళ్లను రొటేట్ చేయాలో చెప్పే ప్యాటర్న్‌లో ఉత్త నక్షత్రం గుర్తు పెట్టకండి, చివర డాట్ లాగ్ అని ఉండాలి. లేకపోతే నిన్న కుదించిన ఫైలునే ఇవాళ మళ్లీ రొటేట్ చేసి, జీజెడ్ మీద జీజెడ్ పేరుస్తుంది.

మ్యాక్స్‌సైజ్ (ఇంత దాటితే రొటేట్ చేయమనే హద్దు) 200 ఎంబీ అని రాసి ఊరుకుంటే సరిపోదు. లాగ్‌రొటేట్ టైమర్ రోజుకు ఒక్కసారే నడుస్తుంది. మధ్యలో ఫైలు ఎంత పెరిగినా దానికి తెలియదు. టైమర్‌ను గంటకొకసారికి మార్చాలి. అలా మార్చినప్పుడు ఫైలు పేరుకు చేర్చే తేదీలో గంట కూడా ఉండాలి. ఉత్త తేదీయే ఉంటే, ఆ రోజు రెండోసారి రొటేట్ చేయబోయినప్పుడు అదే పేరుతో ఫైలు ముందే ఉందని వదిలేస్తుంది. ఇక మీరు ప్రతిపాదించిన రొటేట్ 180 అంటే 180 రోజులు కాదు, 180 ఫైళ్లు. రద్దీలో గంటకొక ఫైలు పుడితే ఏడున్నర రోజులకే పాతవి పోవడం మొదలవుతుంది. మీ కొత్త ప్రతిపాదనలో ఈ లెక్క తప్పింది.

180 రోజుల మాట చట్టం నుంచి వచ్చింది. సమాచార సాంకేతిక చట్టం 70బి సెక్షన్ కింద కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్‌ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఐసీటీ (సమాచార, కమ్యూనికేషన్ సాంకేతిక) వ్యవస్థల లాగులను 180 రోజుల పాటు భద్రంగా దాచాలి. ఆ ఆదేశాలు సర్వీస్ ప్రొవైడర్లకు, డేటా సెంటర్లకు, కంపెనీలకు వర్తిస్తాయి. సైబర్ ఘటన జరిగితే గమనించిన 6 గంటల్లోపు తెలియజేయాలి కూడా. మీ స్క్రిప్టు 7 రోజులకే అన్నీ తుడిచేస్తోంది. ఎవరైనా చొరబడినట్టు అనుమానం వస్తే చూసేందుకు ఏం మిగులుతుంది? తప్పుడు లాగిన్ ప్రయత్నాలు నమోదయ్యే బీటీఎంపీ ఫైలు కూడా ఆ తుడుపులో పోతోంది.

కాబట్టి మేము కోరేవి ఇవి. ఈ లేఖ అందిన రోజే క్రాన్ నుంచి ఆ స్క్రిప్టును తీసేయండి. రొటేట్ అయిన ఫైళ్లను జీజిప్‌తో కుదించి, షా256 చెక్‌సమ్ (ఫైలు మారలేదని తేల్చే గుర్తు) రాసుకుని, దేశంలోనే ఉన్న వేరే స్టోరేజీకి పంపండి. అక్కడ జీజిప్ మైనస్ టీతో ఫైలు చెడలేదని తేలి, షా256 సరిపోయాకే సర్వర్ నుంచి తీయండి. గడువు ఫైళ్ల లెక్కన వద్దు, రోజుల లెక్కన పెట్టండి. సిస్టమ్ సందేశాల జర్నల్‌కు సిస్టమ్‌మ్యాక్స్‌యూజ్ (గరిష్ఠ జాగా) 1 జీబీ చాలు, ఎందుకంటే ఆ సందేశాలు ఆర్‌సిస్‌లాగ్ ద్వారా ఫైళ్లలోకి కూడా వెళ్తున్నాయి. డాకర్ కంటెయినర్ల (ప్రోగ్రాంలను విడివిడిగా నడిపే ఏర్పాటు) జేసన్ లాగులకు డిఫాల్ట్‌గా హద్దు ఉండదు. మ్యాక్స్‌సైజ్, మ్యాక్స్‌ఫైల్ పెట్టి కంటెయినర్లను కొత్తగా సృష్టించాలి, ఉత్త రీస్టార్టుతో పాత కంటెయినర్లకు అది వర్తించదు. వార్ లాగ్‌కు వేరే పార్టిషన్ ఇస్తే లాగులు నిండినా డేటాబేస్ ఆగదు. బిన్‌లాగ్‌ను ముందే అక్కడి నుంచి డేటాబేస్ డిస్కుకు మార్చండి. డిస్కు 80 శాతానికి చేరగానే మన ఇద్దరి పక్షాలకూ హెచ్చరిక రావాలి. ఐనోడ్లను కూడా డీఎఫ్ మైనస్ ఐతో గమనించాలి, జాగా ఉన్నా ఐనోడ్లు అయిపోతే కొత్త ఫైలు పుట్టదు.

మార్పులు చేసే ముందు కాన్ఫిగరేషన్ ఫైలును, మైనస్ డీతో నడిపిన ఫలితాన్ని మాకు పంపండి. మేము చూసి సరే అన్నాకే, రద్దీ లేని వేళ ఒక్కసారి ఫోర్స్‌గా రొటేట్ చేసి, ఆ వెంటనే ఎల్‌ఎస్‌ఓఎఫ్ జాబితాలో లాగ్ ఫైళ్లేవీ లేవని ఇద్దరం కలిసి సరిచూద్దాం.

ఇంతవరకు పోయిన లాగుల తేదీల జాబితా, స్క్రిప్టు పూర్తి ప్రతి, 777 పర్మిషన్ ఎప్పుడు ఎవరు ఇచ్చారన్న వివరం 7 రోజుల్లో రాతపూర్వకంగా ఇవ్వండి. డిస్కు నిండి బుకింగులు ఆగిన గంటలకు ఒప్పందం ప్రకారం రావాల్సిన తగ్గింపును వచ్చే బిల్లులో చూపించండి. ఎల్‌ఎస్‌ఓఎఫ్, డీఎఫ్, డీయూ ఫలితాలు, లాగ్‌రొటేట్ ఎర్రర్ ప్రతులు ఈ లేఖకు జతచేశాం.

భవదీయులు,
బుకింగ్ సాఫ్ట్‌వేర్ సాంకేతిక బృందం,
తిరుపతి