మార్కులను బట్టి మారే ముఖాలు

సంపాదకులకు,

ఇంటర్ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ పిల్లల బలవన్మరణాల వార్తలు చదువుతున్నాం. ఒత్తిడి పెట్టొద్దని అందరూ చెబుతారు. తిట్టకపోతే ఒత్తిడి లేనట్టేనని తల్లిదండ్రులు అనుకుంటారు. చాలా ఇళ్లలో నిజంగానే ఎవరూ తిట్టరు, కొట్టరు. మార్కులు తగ్గిన రోజు అమ్మ పొడిపొడిగా మాట్లాడుతుంది, నాన్న అన్నం దగ్గర తలెత్తడు. పెరిగిన రోజు 'నా బంగారుకొండ' అంటూ దగ్గరికి తీసుకుంటారు. మార్కులుంటేనే నేను వీళ్లకు కావాలి అని పిల్లలకు అర్థమైపోతుంది.

ఆ మెప్పు కూడా హాని చేస్తుందంటే నమ్మడం కష్టం. అసోర్, రోత్, డెసీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2004లో కాలేజీ విద్యార్థులపై అధ్యయనం ప్రచురించారు. షరతుల ప్రేమలో పెరిగామన్నవాళ్లు పెద్దలు కోరినట్టే నడుచుకుంటున్నారు, కానీ ఇష్టంతో కాదు, లోపలి నిర్బంధంతో. గెలిచిన సంతోషం నిలవదు. ఓడితే సిగ్గు, పైగా కన్నవాళ్ల మీద కినుక. అలా పెరిగిన తల్లులు ఆ పద్ధతినే తమ కూతుళ్ల దగ్గరా వాడే ధోరణి కూడా అందులో కనిపించింది. తెలిసి ఆపుకోవాల్సిన అలవాటు ఇది.

గారాబం చేయమని మేం అనడం లేదు. రాత్రి పదింటికి ఫోన్ తీసుకోండి, అబద్ధమాడితే నిలదీయండి. తప్పును తప్పనండి. 'నిన్నెందుకు కన్నానురా' అనకండి, మాటలు మానేయకండి. తిట్టు ఆ పూటతో పోతుంది, మౌనం ఎప్పుడు ముగుస్తుందో పిల్లాడికి తెలియదు. బాగా రాస్తే ఏ లెక్క ఎలా చేశాడో అడిగి మెచ్చుకోండి. దగ్గరికి తీసుకోవడం మాత్రం మార్కులు తగ్గిన రోజూ ఉండాలి.

హాస్టల్ పిల్లలకు ఫోన్ దొరికేది కాసేపే. మొదటి ప్రశ్నే 'వీకెండ్ టెస్టులో ఎంత?' అయితే తర్వాతి మాటలేవీ చెవికెక్కవు. తిన్నావా, నిద్ర పడుతోందా, పక్క మంచం వాడితో గొడవ తీరిందా అని మొదలుపెట్టండి. మార్కులు చివర్లో అడగండి. జవాబు ఏదైనా మీ గొంతు మారకూడదు.

ఫెయిలైన రోజు పక్కన కూర్చుని అన్నం తినిపించండి. బంధువుల ఫోన్లు మీరే తీసుకోండి. రీకౌంటింగ్, సప్లిమెంటరీ ఫీజు గడువుల సంగతి మర్నాడు మాట్లాడొచ్చు. ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. 'నేను లేకపోతే మీకే మేలు' లాంటి మాట వస్తే, చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

విశాఖలో నీట్‌కు చదువుతున్న విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులైలో మార్గదర్శకాలిచ్చింది. వీలైనంతవరకు మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదు, అందరి ముందూ అవమానించకూడదు. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న చోట అర్హత గల కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ ఉండాలి. కాలేజీల గుర్తింపు పునరుద్ధరించేటప్పుడు రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులు ఆ నియామక పత్రం అడగాలి. ర్యాంకుల ఫొటోల ప్రకటనలు వేసే రోజున అదే పేజీలో సప్లిమెంటరీ తేదీలనూ, 14416నూ అంతే పెద్ద అక్షరాల్లో వేయాలని మీ పత్రికను కోరుతున్నాం.

– ఇద్దరు స్కూల్ కౌన్సెలర్లు, హనుమకొండ