పాత బ్రిటిష్ టీవీ కేసెట్ల విభాగం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

బ్రిటన్‌లో మన తెలుగువాళ్ల ఇళ్లలో టీవీ నుంచి రికార్డయిన పాత వీహెచ్ఎస్ వీడియో కేసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించి దాచడం మన విభాగం పని. ఈ ఏడాది అందులో ముఖ్యమైన మార్పు ఒకటే: కేసెట్‌లో ఉన్నదాన్ని కత్తిరించడం మానేశాం. మొదటి అంగుళం నుంచి చివరి అంగుళం దాకా, గీతలూ చుక్కలతో సహా, ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాం. ఇదివరకు నాటకమో హాస్య సీరియలో మాత్రం ఉంచుకుని, ముందూ వెనకా వచ్చిన ప్రకటనలు, అనౌన్సర్ మాటలు, రాత్రి ప్రసారం ముగింపు తీసేసేవాళ్లం. అది తప్పు. 1980ల సీరియళ్లలో చాలావాటి అసలు టేపులు ప్రసార సంస్థల దగ్గరే ఉన్నాయి. వాటి ముందు మన వీహెచ్ఎస్ నకలు ఎందుకూ కొరగాదు. వాళ్లు పెద్దగా దాచుకోనిది ఆ మధ్యలో వచ్చిన సరుకునే. ఐటీవీ అనే ప్రైవేటు ఛానల్‌ను ఒక్కో ప్రాంతంలో ఒక్కో సంస్థ నడిపేది. 1982 జనవరి 1న మిడ్లాండ్స్‌లో ఏటీవీ పోయి సెంట్రల్ వచ్చింది, దక్షిణ తీరంలో సదరన్ పోయి టీవీఎస్ వచ్చింది. ఆ పాత సంస్థల ప్రాంతీయ వార్తల్లో కొన్ని, స్థానిక దుకాణాల ప్రకటనల్లో చాలా ఎవరింట్లోనో రికార్డయి ఉంటేనే ఇప్పుడు దొరుకుతాయి.

బీబీసీ అంతటి సంస్థ తన కార్యక్రమాలను తానే ఎందుకు చెరిపేసుకుందని కొత్త సభ్యులు అడుగుతూనే ఉంటారు. అప్పటి స్టూడియో టేపు వెడల్పు రెండు అంగుళాలు. ఖరీదెక్కువ, చెరిపి మళ్లీ వాడుకోవచ్చు. నటులు, సంగీతకారుల యూనియన్లతో ఉన్న ఒప్పందాల వల్ల పునఃప్రసారాలకు పరిమితి ఉండేది. 1967లో బీబీసీ 2లోనూ, 1969లో బీబీసీ 1, ఐటీవీల్లోనూ రంగులు వచ్చాక నలుపు తెలుపు సరుకును కొనే దేశాలు తగ్గిపోయాయి. ఇక అల్మారాలో చోటెందుకు దండగ అనుకున్నారు. ఈ చెరపడం 1978 దాకా సాగింది. ఇవాళ మిగిలినవాటిలో చాలా భాగం విదేశాలకు అమ్మడానికి మానిటర్ ముందు కెమెరా పెట్టి 16 ఎంఎం ఫిల్మ్ మీదకు ఎక్కించిన నకళ్లే. 2013లో బయటపడ్డ తొమ్మిది ‘డాక్టర్ హూ’ సైన్స్ ఫిక్షన్ సీరియల్ భాగాలు నైజీరియాలోని జాస్‌లో దొరికినవి. అయితే పోయినవన్నీ చెరిపినవే అనుకోకండి. 1953 నాటి ‘క్వాటర్‌మాస్ ఎక్స్‌పెరిమెంట్’ సీరియల్ ఆరు భాగాలూ ప్రత్యక్షంగా ప్రసారమయ్యాయి. ఫిల్మ్ మీదకు ఎక్కింది మొదటి రెండే. మిగతా నాలుగూ ఏ అల్మారాలోనూ దొరకవు.

మన ఇళ్లకు దగ్గరి సంగతి ఇంకొకటి ఉంది. 1965 అక్టోబర్ 10న బీబీసీ ‘అప్నా హీ ఘర్ సమఝియే’ మొదలుపెట్టింది. 1968లో ‘నయీ జిందగీ నయా జీవన్’ వచ్చింది. రెండూ ఆదివారం పొద్దుటి కార్యక్రమాలే, హిందూస్తానీలోనే. ఆ రోజుల్లో ఇక్కడి ఆసుపత్రుల్లో పనిచేసిన తెలుగు డాక్టర్లలో హిందీ అంతంతమాత్రంగా వచ్చినవాళ్లు కూడా చీరా, సితారా కనిపిస్తాయని టీవీ పెట్టేవాళ్లు. 1985లో ఛానల్ 4లో సయీద్ జాఫ్రీ నటించిన ‘తందూరీ నైట్స్’ నాటికి ఇళ్లలోకి వీసీఆర్ వచ్చేసింది. అందుకే మన అటకల మీద ఈ కోవ కార్యక్రమాలు ఏ ఒక్క నిమిషం ఉన్నా మాకు కావాలి.

వెతకాల్సిన చోటు కేసెట్ చివర. మూడు గంటల ఈ-180 కేసెట్ మీద రెండున్నర గంటల పెళ్లి వీడియో ఎక్కించారనుకోండి. అప్పగింతలు అయిపోయి, తెర మీద క్షణంపాటు చుక్కలు రాలాక, కింద ఉన్న పాత రికార్డింగు తేలుతుంది. ఆ చివరి అరగంటే మనకు నిధి. దాని తేదీ కట్టడం కూడా అంత కష్టం కాదు. బీబీసీ తెర మీద అక్షరాల్లో వార్తలు చూపిన సీఫాక్స్ సేవ పేజీ కనిపిస్తే పైవరుసలో వారం, తేదీ, గడియారం ఉంటాయి, సంవత్సరం మాత్రం ఉండదు. ‘శుక్రవారం, నవంబర్ 12’ అని ఉందనుకుందాం. అది 1976, 1982, 1993, 1999, 2004, 2010లలో పడింది. బ్రిటన్‌లో వీహెచ్ఎస్ అమ్మకాలు 1978లో మొదలయ్యాయి కాబట్టి 1976 కాదు. అదే రికార్డింగులో బీబీసీ వాతావరణం చెప్పే ఆయన అయస్కాంతపు మబ్బు బొమ్మను చేత్తో పటం మీద అతికిస్తుంటే 1993, ఆ తర్వాతి ఏళ్లు కూడా కావు, ఎందుకంటే 1985లోనే ఆ బొమ్మల స్థానంలో కంప్యూటర్ పటాలు వచ్చాయి. మిగిలింది 1982.

తెర మీద కనిపించకపోయినా సీఫాక్స్ కేసెట్‌లో దాగి ఉండొచ్చు. ఆ సమాచారం బొమ్మకు పైన ఉండే ఖాళీ గీతల్లో వస్తుంది. వీహెచ్ఎస్‌కు అంత వేగం పట్టుకునే శక్తి లేదు కాబట్టి అక్షరాలు అలుక్కుపోతాయి. కానీ ఒకే పేజీ పదేపదే ప్రసారమవుతుంది. ఆ నకళ్లన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చి సరిచూసే సాఫ్ట్‌వేర్ ఉంది. మామూలు యూఎస్‌బీ క్యాప్చర్ డబ్బాలు ఆ గీతలను పారేస్తాయి. అందుకే ఈ పనికి పాత పీసీఐ కార్డున్న కంప్యూటర్‌ను విడిగా ఉంచాం.

ఈసారి ఎక్కువ శ్రమ పెట్టింది బూజు. ముఖ్యంగా కోస్తా జిల్లాల్లో పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి, ఏళ్ల తర్వాత తిరిగొచ్చిన కేసెట్లతో అవస్థ పడ్డాం. కేసెట్ మీది అద్దంలోంచి చూస్తే రీలు అంచున తెల్లటి పొడి కనిపిస్తుంది. అలాంటిది వీసీఆర్‌లో పెడితే టేపు దాన్ని చదివే హెడ్‌కు అతుక్కుని తెగుతుంది, తర్వాత పెట్టిన మంచి కేసెట్‌కు కూడా బూజు అంటుతుంది. మాస్క్ వేసుకుని ఆరుబయట పని చేయాలి. కింది అయిదు స్క్రూలు తీసి, రీళ్లను బయటకు తెచ్చి, పోగులు రాలని గుడ్డను 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి అంచులు తుడవాలి. పూర్తిగా ఆరాక వేరే కేసెట్ డబ్బాలోకి మార్చాలి. ముందుకీ వెనక్కీ తిప్పడానికి హెడ్‌లు పాడైనా పర్వాలేదనుకునే ‘బలి’ వీసీఆర్ ఒకటి కేటాయించాం. అసలు వీసీఆర్ హెడ్‌లు తుడిచేటప్పుడు పుల్లను కదలనివ్వకుండా పట్టుకుని, హెడ్‌లు బిగించి ఉన్న డ్రమ్మునే చేత్తో తిప్పాలి. పైకీ కిందికీ రుద్దితే హెడ్ ముక్క విరుగుతుంది. తెగిన టేపును ఆఫీసు సెల్లోటేపుతో అతికించకండి. వేడికి జిగురు కారి డ్రమ్ముకు పట్టుకుంటుంది. స్ప్లైసింగ్ టేపునే వాడాలి, అది కూడా రికార్డింగు లేని వైపునే.

ఇక్కడినుంచి ఇండియాకు తీసుకెళ్లిన బ్రిటిష్ వీసీఆర్‌లు పాడయ్యాయని కొందరు పారేశారు. చాలావరకు అవి పాడవలేదు. రెండు దేశాలదీ పాల్ అనే రంగుల టీవీ పద్ధతే అయినా, యాంటెన్నా తీగలో ధ్వని బొమ్మ సిగ్నల్‌కు ఇక్కడ 6 మెగాహెర్ట్జ్ దూరంలో ఉంటుంది, ఇండియాలో 5.5 దగ్గర. అందుకే అక్కడి టీవీలో బొమ్మ వచ్చి, మాటకు బదులు బుసబుస వినిపించింది. ఆడియో-వీడియో (ఏవీ) తీగలతో కలిపితే చాలు. కేసెట్ మీది రికార్డింగుకు ఈ తేడాతో పనే లేదు.

క్యాప్చర్‌లో ఒక పొరపాటు జరిగింది, దాచడం ఎందుకు. ఏడాది మొదట్లో చవక యూఎస్‌బీ డబ్బాతో ఎక్కించిన కేసెట్లలో గంట గడిచేసరికి పెదవులకూ మాటకూ పొంతన తప్పింది. పాత టేపు సిగ్నల్ నిలకడగా ఉండదు. దాన్ని నిలకడ చేసే టైమ్ బేస్ కరెక్టర్ అనే పరికరం లేకపోతే డబ్బా ఫ్రేములు వదిలేస్తుంది, ధ్వని మాత్రం ఆగకుండా సాగిపోతుంది. అవన్నీ మళ్లీ చేశాం. ఇప్పుడు వరస ఇదీ: ముందు పొరపాటున చెరిగిపోకుండా కేసెట్ అంచున ఉన్న రికార్డు ట్యాబ్ విరవడం, కేసెట్‌ను ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి తేవడం, ఎస్-వీడియో తీగ, టైమ్ బేస్ కరెక్టర్, 720×576 సైజు, నష్టం లేని ఎఫ్ఎఫ్‌వీ1 ఫైలు. గంటకు సుమారు 25 నుంచి 30 జీబీ పడుతుంది, డిస్కుల ఖర్చు పెరిగింది అందుకే.

చూడటానికి ఇచ్చే నకలును సెకనుకు 25 ఫ్రేములకు కుదించొద్దని తీర్మానించాం. ఆనాటి బ్రిటిష్ నాటకాల్లో గది లోపలి సన్నివేశం వీడియో మీద తీసేవారు, సెకనుకు 50 ఫీల్డులు (సగం ఫ్రేములు). పాత్ర తలుపు తీసి వీధిలోకి అడుగు పెట్టగానే 16 ఎంఎం ఫిల్మ్, సెకనుకు 25 ఫ్రేములు. లోపల నున్నగా మెరిసే బొమ్మ, బయట కాస్త గింజగింజగా, నీరెండ పడ్డట్టు. కుదిస్తే గుమ్మం దగ్గరి ఆ తేడా చెరిగిపోతుంది. అప్పట్లో చూసినవాళ్లకు వెంటనే తట్టే గుర్తు అదే. 50కి విడదీస్తే నిలుస్తుంది.

చట్టం సంగతి క్లుప్తంగా. ఇంట్లో తర్వాత చూసుకోవడానికి రికార్డు చేసుకోవడం తప్పు కాదు. సభలో వేయడం, నెట్‌లో పెట్టడం మాత్రం కుదరదు. అరుదైనది దొరికితే ప్రసార సంస్థకో, బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌కో సమాచారం ఇస్తున్నాం. లెక్కలు కోశాధికారి పత్రంలో విడిగా ఉన్నాయి.

వచ్చే ఏడాది వీహెచ్ఎస్‌కు పోటీ రకమైన బీటామాక్స్ కేసెట్లు చేపడతాం. పంపేవాళ్లు పూర్తిగా వెనక్కి తిప్పి, డబ్బాలో నిలువుగా పెట్టండి. పెళ్లి వీడియోలు కూడా పంపండి. పక్కనున్న లేబుల్ మీద పాత రాతలు కొట్టేసి ఉన్నా దాన్ని పీకకండి. ఆ కొట్టివేతల కింద ఏముందో మేం చదువుకుంటాం.