కటింగ్ ప్లేయర్లు, టెస్టర్ల స్టాకు మార్చాం: కొనేముందు కౌంటర్ దగ్గరే ఇలా చూసుకోండి

ఈ నెల నుంచి మా దగ్గర అన్నిటికన్నా తక్కువ రేటు కటింగ్ ప్లేయర్లు, టెస్టర్లు దొరకవు. రిటర్ను వచ్చేవాటిలో ఎక్కువ అవే. వాటి బదులు తెచ్చిన సరుకు రేటు ఎక్కువే, అందులో దాచేదేం లేదు. ఆ తేడా దేనికి కడుతున్నారో మీరే తేల్చుకునేలా కౌంటర్ మీద మల్టీమీటరు, ఆకురాయి, వైరు ముక్కలు పెట్టాం.

ప్లేయర్ చేతికి తీసుకోగానే చాలామంది చూసేది స్లీవు, అంటే పిడి మీది తొడుగు, ఆ తర్వాత క్రోమ్ వెనేడియం (గట్టి ఉక్కు రకం) అన్న అచ్చు. ఆ అచ్చు ఎవరైనా కొట్టుకోవచ్చు. ముందు ప్లేయర్ మూసి లైటుకి ఎదురుగా పట్టండి. కోసే అంచుల మధ్య వెలుతురు గీత కనపడకూడదు. తర్వాత ఫ్లెక్సిబుల్ వైరులోంచి 0.3 మి.మీ. పోగు ఒక్కటి లాగి అంచు మొదట్లో, మధ్యలో, చివర కోసి చూడండి. మూడు చోట్లా టక్కున తెగాలి. పోగు తెగకుండా మడత పడిందంటే అక్కడ అంచులు కలవట్లేదు. మందం వైరు మీద ఈ లోపం బయటపడదు, రాగి మెత్తన కాబట్టి ఎలాగోలా నలిగి తెగిపోతుంది.

పిడులు పక్కకి ఊపితే రివెట్టు దగ్గర ఆట ఉండకూడదు. కొత్తది బిగుతుగా ఉంటే నూనె చుక్కతో సర్దుకుంటుంది అంటారు, అది సగమే నిజం. రివెట్టు వంకరగా పడితే ఎంత నూనె పోసినా ఒకచోట పట్టేస్తూనే ఉంటుంది. ఆకురాయి మాత్రం శాంపిల్ పీసు మీదే, అమ్మే సరుకు మీద వద్దండీ. కోసే అంచు మీద ఆకురాయి జారిపోవాలి. కొరికి రజను రాలితే అంచు మెత్తన, నాలుగు రోజుల్లో గాట్లు పడుతుంది. పిడి దగ్గర కొరికితే అది లోపం కాదు. ఒళ్లంతా అంచంత గట్టిగా ఉన్న ప్లేయర్ కిందపడితే విరుగుతుంది.

రాగి, అల్యూమినియం, బైండింగ్ వైరు కోసినందుకే అంచు గాటు పడితే నెలలోపు బిల్లుతో రండి, మార్చి ఇస్తాం. కాంక్రీటు మేకులు కోసినవి, సుత్తిలా వాడి రివెట్టు వదులైనవి తీసుకోం. చూడగానే తెలిసిపోతుంది.

ఇన్సులేషన్ విషయంలో మాత్రం నిక్కచ్చిగా చెప్పాలి. మామూలు ప్లేయర్ స్లీవు పట్టు కోసం. దాన్ని నమ్మి లైవ్ మీద, అంటే కరెంటు ఉన్న లైను మీద చేయి పెట్టకండి. లైవ్ పనికి చేసిన టూల్ మీద రెండు త్రికోణాల గుర్తు, 1000 వోల్టుల అంకె, ఐఈసీ 60900 నంబరు (లైవ్ పని టూల్స్‌కి అంతర్జాతీయ ప్రమాణం), తయారీదారు పేరు, తయారైన సంవత్సరం ఉంటాయి. ఇవి ఏసీలో 1000, డీసీలో 1500 వోల్టుల వరకు పనికొస్తాయి, పరీక్ష 10,000 వోల్టుల దగ్గర జరుగుతుంది. సోలార్ పని చేసేవాళ్లు డీసీ అంకె గుర్తుపెట్టుకోండి. స్లీవు చీలినా, కాలినా ఆ టూల్ సాదా టూల్ కిందే లెక్క. పైన టేపు చుట్టి 1000 వోల్టుల టూల్ అనుకోవద్దు. రెండు రంగుల పొరలున్న పిడికి లోపలి రంగు బయటపడితే పక్కన పెట్టేయండి. ఇకపై బిల్లులో ఒక్కో టూల్ ఎదురుగా 1000 వోల్టులదా, సాదాదా అన్నది విడిగా రాసి ఇస్తాం.

టెస్టర్ వెనక మూత విప్పితే స్ప్రింగు, నియాన్ బల్బు, రెసిస్టర్ బయటికొస్తాయి. రెసిస్టర్‌ని మల్టీమీటరుతో కొలవండి. ఒక మెగాఓమ్, అంటే పది లక్షల ఓమ్‌లు, ఆ చుట్టుపక్కల ఉండాలి. 230 వోల్టుల దగ్గర మీ ఒంట్లోంచి పోయే కరెంటును పావు మిల్లీయాంపియర్‌లోపు ఆపేది అదే. వేలల్లో చూపిస్తే ఆ టెస్టర్ చెత్తబుట్టలోకే. మంచి టెస్టరైనా ఎండలో వెలుగు కనపడదు, చెక్క స్టూలు మీద నిలబడితే మసగ్గా వెలుగుతుంది. అందుకే వెలగలేదని కరెంటు లేదనుకోకండి. ముందు లైవ్ సాకెట్లో చూసి, పనిచేసే చోట చూసి, మళ్లీ లైవ్ సాకెట్లో చూడండి.

స్క్రూడ్రైవర్లలో పీజెడ్2 (పోజిడ్రివ్ రకం, 2 సైజు) మొన ఉన్నవి కొత్తగా తెచ్చాం. చాలా ఎంసీబీల (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్చిల) టెర్మినల్ స్క్రూలకు సరిపోయేది అదే. పెద్ద రెక్కల మధ్య సన్న గీతలుంటాయి, అదీ గుర్తు. మామూలు స్టార్ డ్రైవర్ చివరి బిగింపులో జారి గాడి తినేస్తుంది. పైకి బిగిసినట్టే ఉంటుంది, లోపల లూజు. గీజర్, ఏసీ లైన్లలో ఎంసీబీ కాళ్లు నల్లబడటానికి అదొక కారణం. టెస్టర్‌తో ఎంసీబీ బిగించేవాళ్లకి ఇంకేం చెప్పం.

వైరు మీది ఇన్సులేషన్ ఒలిచే స్ట్రిప్పర్లు మాత్రం ప్రస్తుతం లేవు. శాంపిల్‌కి తెప్పించిన రెండు రకాలూ 1 చదరపు మి.మీ. గాడిలో పోగులు కోసేస్తున్నాయి. 0.3 మి.మీ. పోగుల వైరైతే 1 చదరపు మి.మీ.లో 14, 1.5లో 22, 2.5లో 36 పోగులుండాలి. ఇన్సులేషన్ ఒలిచాక లెక్కపెట్టండి, తగ్గితే స్ట్రిప్పర్ తినేసినట్టే. పోగు తెగకపోయినా గాటు పడితే రెండుసార్లు వంచేసరికి విరుగుతుంది. కొత్త రకం వచ్చాక మీరు వాడే వైరు ముక్క తెచ్చుకోండి, దాని మీదే చూసి తీసుకుందురుగాని.