నీకు కడుపుమంటగా ఉన్నదా?

ప్రియమైన తల్లిదండ్రులకు వందనములు.

అర్ధసంవత్సర పరీక్షల జవాబు పత్రాలు ఇచ్చిన మరునాడు తొమ్మిదో తరగతిలో ఒక విద్యార్థిని సైన్స్ రికార్డు కనిపించకుండా పోయి, రెండు రోజుల తరువాత గ్రంథాలయంలో పాత పత్రికల కట్టల వెనుక దొరికింది. దాచినది ఆమె ప్రాణస్నేహితురాలే. నా గదిలో నిలబడి ఏడుస్తూ ఆ అమ్మాయి చెప్పినది ఇంతే: "నాకూ మంచి మార్కులే వచ్చాయి మేడమ్. కాని ఇంట్లో ముందు అడిగింది దానికెన్ని వచ్చాయనే." ఆ పిల్లలెవరని దయచేసి ఆరా తీయవద్దు.

ఆ వారం ఉదయపు ప్రార్థనలో మత్తయి సువార్త 20వ అధ్యాయంలో యేసు చెప్పిన ఉపమానం చదివాము. తెల్లవారగానే ద్రాక్షతోటలో పనికి కుదిరినవారికీ, పొద్దుగూకే ముందు ఒక్క గంట పనిచేసినవారికీ యజమాని ఒక్కొక్క దేనారమే ఇచ్చాడు. అది ఆనాటి కూలివానికి ఒక దినపు కూలి. ముందు వచ్చినవారికి ఒప్పుకున్న దానిలో చిల్లిగవ్వ తగ్గలేదు. పక్కవాడి చేతిలోనూ అదే నాణెం చూశాకే తమది తక్కువనిపించింది. అప్పుడు యజమాని, "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా?" అని అడుగుతాడు. గ్రీకు మూలంలో ఉన్న మాటకు అక్షరార్థం "నీ కన్ను చెడ్డదా" అని. మన అనువాదకులు కంటి నుండి కడుపుకు దిగారు గాని, ఓర్వలేనితనాన్ని కన్నుకుట్టడం అనే మనకు ఆ మూలం కూడా పరాయిది కాదు.

"అసూయపడకు" అని చెప్పినంత మాత్రాన అసూయ పోదని నా అనుభవం. చాలా ఏళ్ల క్రితం నాకు వస్తుందనుకున్న బాధ్యత నాకంటే చిన్నవారికి దక్కినప్పుడు, నెలల తరబడి ప్రార్థనలో ఆమె పేరు నా నోట రాలేదు. బైబిలులోని 73వ కీర్తనలో కీర్తనకారుడైన ఆసాపు తాను మత్సరపడ్డానని దేవుని ఎదుటే ఒప్పుకున్నాడని చదివి, నేనూ మొదట ఆ ఒప్పుకోలుతోనే మొదలుపెట్టాను. ఆమె మేలు కోరే మాట ఆ తరువాతే వచ్చింది, అదీ చాలా రోజులు పొడిపొడిగానే. నాకు దొరికినది ఎవరినో ఓడించి గెలుచుకున్నది కాదని, ఉదారుడైన యజమాని చేతి నుండి వచ్చినదని నమ్మడమే ఇందులో నాకు ఊతమైంది. మీలో చాలామంది క్రైస్తవులు కారని తెలుసు. అయినా ఈ విషయంలో నేను నా విశ్వాసంలో నుండి తప్ప మరోలా మాట్లాడలేను.

ఇక తల్లిదండ్రులుగా మనకు తగిలే సంగతి సమూయేలు మొదటి గ్రంథం 18వ అధ్యాయంలో ఉంది. హతమైన శత్రువుల లెక్కలో తన వంతుకు వేలు, తన కొలువులోని యువయోధుడు దావీదు వంతుకు పదివేలు అని స్త్రీలు పాడగా విన్న ఇశ్రాయేలు రాజు సౌలు ఆ లెక్క దగ్గరే ఆగిపోయి, ఆ నాటి నుండి దావీదును మరో కంటితో చూశాడు. అదే ఇంట్లో అతని కుమారుడు యోనాతాను తన దుప్పటి, కత్తి, విల్లు, నడికట్టు తీసి దావీదుకే ఇచ్చాడు. సింహాసనం విషయంలో నష్టమేదైనా ఉంటే ముందు అతనికే కదా! పిల్లలలో యోనాతానులు ఉండగా పెద్దలం మనమే వేలూ పదివేలూ లెక్కపెట్టి వారికి అప్పగిస్తున్నామేమోనని నా భయం.

రానున్న శనివారం ఇచ్చే ప్రోగ్రెస్ కార్డుల మీద తరగతి ర్యాంకు ఉండదు, నోటీసు బోర్డులోనూ పెట్టము. మీ బిడ్డ కార్డు మాత్రమే మీకు చూపమని తరగతి ఉపాధ్యాయులకు చెప్పాను. ఇతరుల మార్కులు అడిగి వారిని ఇబ్బంది పెట్టవద్దని మనవి. రికార్డు చెక్కుచెదరకుండా దొరికింది. ఆ ఇద్దరి స్నేహం సంగతి ఇంకా చెప్పలేను గాని, నిన్న మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర భోజనానికి కూర్చున్నారు.

ప్రభువునందు,
మీ ప్రధానోపాధ్యాయురాలు