డ్రాఫ్ట్ అంటే వేలం కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

తెనాలి దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో 31 ఏళ్లు పీఈటీగా పనిచేసి రిటైరైనవాడిని. ప్రస్తుతం అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, ఆపిల్టన్ అనే ఊళ్లో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. దేశం మారినా పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన మీ పేపర్ ఉండాల్సిందే. ఇప్పుడు అది ఫోన్లో చదువుతున్నాను, అంతే తేడా.

2025 ఏప్రిల్ నెలాఖర్లో మీ ఆటల పేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ డ్రాఫ్ట్ మీద, అంటే కాలేజీ కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఎంపిక చేసుకునే కార్యక్రమం మీద, ఒక చిన్న వార్త వచ్చింది. ఇక్కడి ఫుట్‌బాల్ గురించి మన పేపర్లలో రావడమే అరుదు కాబట్టి ఆశగా చదివాను. అందులో డ్రాఫ్ట్‌ను వేలం అన్నారు. షెడూర్ శాండర్స్ అనే కుర్రాడు కొనేవాళ్లు లేక ఐదో రౌండ్‌లో అమ్ముడుపోయాడని రాశారు. రెండు మాటలూ తప్పే. మొదటిది సమాచారంలో తప్పు. రెండోది ఆ కుర్రాడికి జరిగిన అన్యాయం అని నా అభిప్రాయం. మూడు దశాబ్దాలు పిల్లల్ని టీముల్లోకి ఎంపిక చేసినవాడిగా చెబుతున్నాను.

వేలం మనందరికీ తెలుసు. 2024 నవంబర్‌లో జెడ్డాలో జరిగిన ఐపీఎల్ వేలంలో రిషబ్ పంత్‌ను లక్నో జట్టు 27 కోట్లకు తీసుకుంది. పాట పెరుగుతూ పోతుంది, చివరి దాకా ఎవరి చెయ్యి పైనుంటే ఆటగాడు వాళ్లవాడు. డ్రాఫ్ట్‌లో పాట ఉండదు. ఎన్ఎఫ్ఎల్ అనే ఇక్కడి ఫుట్‌బాల్ లీగ్‌లో 32 జట్లున్నాయి. పోయిన సీజన్లో అందరికన్నా అధ్వానంగా ఆడిన జట్టుకి మొదటి అవకాశం, కప్పు గెలిచిన జట్టుకి 32వ అవకాశం. ఇలా ఏడు రౌండ్లు. తమ వంతును ఇంకో జట్టుతో మార్చుకోవచ్చు, దాని బదులు వచ్చే ఏడాది వంతులు ఇవ్వొచ్చు, అంతేగానీ డబ్బు మూట చూపించి కుర్రాణ్ణి లాక్కోవడం కుదరదు. జీతం కూడా దాదాపుగా అతను ఎన్నో స్థానంలో ఎంపికయ్యాడనే దాన్ని బట్టే ఖాయమవుతుంది. 2010లో మొదటి స్థానంలో వచ్చిన శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్ల ఒప్పందం దక్కింది. మరుసటి ఏడాది కొత్త వేతన నిబంధనలు వచ్చాక, అదే మొదటి స్థానంలో వచ్చిన కామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు 2.2 కోట్ల డాలర్లే వచ్చాయి.

ఈ పద్ధతి ఎందుకొచ్చిందో తెలుసుకున్నాక నాకు దీని మీద గౌరవం పెరిగింది. 1935లో ఫిలడెల్ఫియా జట్టు యజమాని బర్ట్ బెల్ ప్రతిపాదించాడు. డబ్బున్న జట్లే మంచి ఆటగాళ్లనందరినీ తీసుకుంటూ పోతే, ఓడే జట్టు ఎప్పటికీ ఓడుతూనే ఉంటుందని ఆయన బాధ. 1936 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాలోని ఒక హోటల్లో తొమ్మిది జట్ల వాళ్లు కూర్చుని మొదటి డ్రాఫ్ట్ జరిపారు. తొలి పేరు జే బెర్వాంగర్, షికాగో యూనివర్సిటీ కుర్రాడు. జీతం దగ్గర కుదరక అతను ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు!

2025 డ్రాఫ్ట్ మా ఇంటికి 50 కిలోమీటర్ల లోపే, గ్రీన్ బేలో జరిగింది. ఏప్రిల్ 24 సాయంత్రం మా అల్లుడుగారు నన్నూ మనవణ్ణీ కారులో తీసుకెళ్లారు. లక్ష జనాభా ఉన్న ఊరికి మూడు రోజుల్లో ఆరు లక్షల మంది వచ్చారని తర్వాత చెప్పారు. నాకు మాత్రం మన కోటప్పకొండ తిరునాళ్లలో నిలబడ్డట్టే అనిపించింది. లాంబో స్టేడియం బయట పెద్ద వేదిక, దాని మీద గడియారం. మొదటి రౌండ్‌లో ఒక్కో జట్టుకి అప్పుడు పది నిమిషాల గడువు ఇచ్చారు. మనవడు ఒళ్లో నోటు పుస్తకం పెట్టుకుని, తను రాసుకున్న వంద పేర్లలో ఒక్కొక్కటీ కొట్టేస్తున్నాడు. 23వ వంతు గ్రీన్ బే జట్టుది. టెక్సాస్ యూనివర్సిటీ కుర్రాడు మాథ్యూ గోల్డెన్ పేరు పిలవగానే లేచిన అరుపుకి నా గుండెల్లో దడ పుట్టింది. మొదటి రౌండ్‌లో వాళ్లు రిసీవర్‌ను, అంటే విసిరిన బంతిని అందుకునే ఆటగాణ్ణి, తీసుకుని 23 ఏళ్లయిందట. పక్కనున్న ముసలాయన, నాకన్నా పెద్దవాడు, ఎవరో ఏమిటో తెలియకుండానే నన్ను కావలించుకున్నాడు.

అయితే నేను రాయాలనుకున్నది ఆ సంబరం గురించి కాదు. ఆ పేరు పిలవడానికి ముందు జరిగే పని గురించి.

ఫిబ్రవరి నెలాఖర్లో మూడు వందల మందికి పైగా కాలేజీ కుర్రాళ్లను ఇండియానాపొలిస్‌కు పిలుస్తారు. దాన్ని కంబైన్ అంటారు. అక్కడ ముందు డాక్టర్లు చూస్తారు, పాత దెబ్బలన్నీ పరీక్షిస్తారు. తర్వాత ఎత్తు, బరువు, చెయ్యి పొడవు కొలుస్తారు. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌లకు అరచెయ్యి కొలత మరీ ముఖ్యం. బొటనవేలి కొస నుంచి చిటికెనవేలి కొస దాకా, అంటే అచ్చంగా మన జాన! జో బరో జాన తొమ్మిది అంగుళాలే ఉందని 2020లో పెద్ద చర్చ జరిగింది. అయినా సిన్సినాటి జట్టు అతణ్ణే మొదటి స్థానంలో తీసుకుంది, రెండో ఏడాదే లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ దాకా వెళ్లింది.

2025లో విల్ క్యాంప్‌బెల్ అనే లూసియానా కుర్రాడి చేతుల గురించి రెండు నెలలు మాట్లాడుకున్నారు. క్వార్టర్‌బ్యాక్ మీదికి వచ్చేవాళ్లను అడ్డుకునే స్థానం అతనిది. కంబైన్‌లో అతని చెయ్యి 33 అంగుళాలకు చిన్నమెత్తు తక్కువొచ్చింది. కాలేజీలో మళ్లీ కొలిస్తే సరిగ్గా 33 వచ్చింది. బయటివాళ్లకు ఇది పిచ్చిగా అనిపించొచ్చు. కానీ అందులో అర్థముంది. ఎదుటివాడి చెయ్యి పొడవైతే ముందు వాడి అరచేతులే మన ఛాతీ మీద పడతాయి, ఇక నెట్టేయడం వాడికి తేలిక. కొలత అబద్ధం చెప్పదు, కానీ మొత్తం కథా చెప్పదు. అతని కాళ్ల కదలిక చూసిన న్యూ ఇంగ్లండ్ జట్టు నాలుగో స్థానంలో తీసుకుంది.

స్టాప్‌వాచ్ సంగతి ఇంకా నాకు దగ్గరిది. 40 గజాల పరుగు, అంటే మన లెక్కలో 36 మీటర్ల పైచిలుకు. 2017లో జాన్ రాస్ 4.22 సెకన్లలో పరిగెత్తి అప్పటికి రికార్డు కొట్టాడు. తొమ్మిదో స్థానంలో తీసుకున్నారు. గాయాలు, ఇతర ఇబ్బందులతో నాలుగేళ్లలో నిలదొక్కుకోలేకపోయాడు. 2000లో మిచిగన్ కుర్రాడు ఒకడు అదే పరుగుకు 5.28 సెకన్లు తీసుకున్నాడు. 198 మంది పేర్లు పిలిచాక, అందులో ఆరుగురు క్వార్టర్‌బ్యాక్‌లు అయిపోయాక, ఆరో రౌండ్‌లో అతని పేరొచ్చింది. ఆ టామ్ బ్రాడీ ఏడు సూపర్ బౌల్స్ గెలిచాడు. మా స్కూలు గ్రౌండ్‌లో ఆ పరుగు పెట్టి ఉంటే నేనూ అతణ్ణి లిస్టులో రాసేవాణ్ణి కాదు.

ఈ మాట ఊరికే అనడం లేదు. చాలా ఏళ్ల కిందట మండల స్థాయి కబడ్డీ సెలెక్షన్స్‌కి ఎనిమిదో తరగతి పిల్లవాడొకడు వచ్చాడు. 38 కిలోలున్నాడు. ఎడమ కార్నర్‌లో నిలబడి వంగి కాలి మడమ పట్టుకుంటే రైడర్ విడిపించుకోలేకపోతున్నాడు. నేను చూశాను, చూసి కూడా బరువు కాలమ్ దగ్గర ఆగిపోయాను. పెద్ద పిల్లలు మీదపడితే ఎముకలు విరుగుతాయని నాకు నేనే సర్దిచెప్పుకుని పేరు కొట్టేశాను. లిస్టు చదవడం పూర్తయ్యేదాకా వాడు చొక్కా చేతిలో పట్టుకుని వేపచెట్టు కింద నిలబడే ఉన్నాడు. ఏమీ అడగలేదు. మరుసటి ఏడాది వాళ్ల నాన్న పని కోసం ఊరు మారితే ఇంకో స్కూల్లో చేరాడు. సెమీస్‌లో మా మీదే ఆడి, మా మంచి రైడర్‌ను మూడుసార్లు పట్టుకున్నాడు. మ్యాచ్ అయ్యాక వచ్చి నా కాళ్లకు దండం పెట్టాడు. ఆ రోజు నాకు నోట మాట రాలేదు.

కాబట్టి ఇన్ని కోట్లు, ఇంత సిబ్బంది, ఇన్ని వీడియోలు ఉండి కూడా ఈ జట్లు పొరబడుతుంటే నాకు ఆశ్చర్యం లేదు. 2021లో శాన్‌ఫ్రాన్సిస్కో జట్టు ట్రే లాన్స్ కోసం మూడు మొదటి రౌండ్ వంతులు వదులుకుని మూడో స్థానానికి ఎగబాకింది. రెండేళ్లు దాటిన కొద్ది నెలలకే అతణ్ణి నాలుగో రౌండ్ వంతుకు డాలస్‌కు ఇచ్చేసింది. అదే జట్టు 2022లో అందరికన్నా చివరి వంతులో, 262వ స్థానంలో, బ్రాక్ పర్డీని తీసుకుంది. ఆ చివరివాడే వాళ్లను 2024 ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌కు తీసుకెళ్లాడు. గొప్పగా తప్పు చేసిందీ, గొప్పగా ఒప్పు చేసిందీ ఒకే గదిలో కూర్చున్న ఆ కొద్దిమందే.

ఎందుకింత కష్టం? ఇరవై ఒక్కేళ్ల కుర్రాణ్ణి చూసి పాతికేళ్ల వయసుకు ఏమవుతాడో చెప్పాలి. కాలేజీలో ఎవరి మీద ఆడాడు, పక్కన ఎలాంటి వాళ్లున్నారు, ఓడిన మ్యాచ్‌లో చివరి పది నిమిషాలు ఎలా ఉన్నాడు, ఇవన్నీ చూడాలి. ఒక్కో జట్టు ముప్పై మంది దాకా తమ ఊరికి పిలిపించి మాట్లాడుతుంది. మళ్లీ అవసరం సంగతి ఒకటి. ముగ్గురు మంచి రైడర్లున్న టీముకి నాలుగో రైడర్ ఎంత గొప్పవాడైనా కార్నరే ముందు కావాలి కదా. ప్రతిభ ఉన్నవాణ్ణి తీసుకోవాలా, ఖాళీ పూడ్చేవాణ్ణి తీసుకోవాలా అన్న వాదన ప్రతి జట్టులో డ్రాఫ్ట్ రోజు దాకా సాగుతూనే ఉంటుందని మా మనవడు చెప్పాడు. ఆ వాదన మా స్టాఫ్ రూములో కూడా నడిచేది.

2025లో మొదటి స్థానంలో టెన్నెస్సీ తీసుకున్న కామ్ వార్డ్‌ను హైస్కూల్ అయ్యాక పెద్ద కాలేజీలేవీ పట్టించుకోలేదు. శాన్ ఆంటోనియోలో ఒక చిన్న యూనివర్సిటీలో మొదలుపెట్టి, మొత్తం మూడు కాలేజీల్లో ఆడి ఇక్కడిదాకా వచ్చాడు. ఇక మీరు రాసిన షెడూర్ శాండర్స్ సంగతి. తండ్రి డియాన్ శాండర్స్ 1989లో ఐదో స్థానంలో ఎంపికైన మహా ఆటగాడు, కొలరాడోలో కొడుక్కి కోచ్ కూడా ఆయనే. కుర్రాడు మొదటి రౌండ్‌లోనే వెళ్తాడని చాలామంది విశ్లేషకులు చెప్పారు. మొదటి రోజు పేరు రాలేదు. రెండో రోజూ రాలేదు. ఆ మధ్యలో ఎవరో ఫోన్ చేసి, నిన్నే తీసుకుంటున్నాం, ఇంకాస్త ఆగమని ఆట పట్టించారు. వేరే జట్టు కోచ్ గారి కొడుకు, శాండర్స్ నంబరు సంపాదించి చేసిన పని అది. ఆ జట్టుకి రెండున్నర లక్షల డాలర్లు, ఆ కోచ్‌కి లక్ష డాలర్లు జరిమానా వేశారు. మూడో రోజు 144వ స్థానంలో క్లీవ్‌లాండ్ అతని పేరు పిలిచింది. అదే క్లీవ్‌లాండ్ ముందు రోజే ఇంకో క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకుంది కూడా.

జట్లు అతణ్ణి తక్కువ అంచనా వేశాయా, సరిగ్గానే వేశాయా అనేది మైదానంలో తేలుతుంది. కానీ మూడు రోజులు ఇంట్లో అందరి మధ్య ఫోన్ వైపు చూస్తూ కూర్చున్న 23 ఏళ్ల కుర్రాణ్ణి పట్టుకుని అమ్ముడుపోలేదు, అమ్ముడుపోయాడు అని రాయడం నాకు నచ్చలేదు. ఐపీఎల్ వార్తల్లో ఆ మాట ఎప్పుడో అలవాటైపోయింది. మన ఊళ్లలో అమ్ముడుపోయేవి సంతలో గేదెలు, మార్కెట్ యార్డులో మిర్చి బస్తాలు. వేపచెట్టు కింద నిలబడ్డ నా పిల్లవాణ్ణి ఎవరైనా ఆ మాట అని ఉంటే నేను ఊరుకునేవాణ్ణి కాదు.

ఇంకొక్క విషయం. 2025లో 257 పేర్లు పిలిచారు. చివరి పేరు అయిపోగానే అసలు పిలుపే రాని వందల మంది ఇళ్లలో ఫోన్లు మోగుతాయి. డ్రాఫ్ట్‌లో వచ్చినవాడు పిలిచిన జట్టుకే వెళ్లాలి. రానివాడికి ఎన్ని జట్లు ఫోన్ చేస్తే వాటిలో తనకు నచ్చినదాన్ని ఎంచుకునే వీలుంటుంది. ఆంటోనియో గేట్స్ 2003లో అలా వచ్చినవాడే. కాలేజీలో ఫుట్‌బాల్ ఆడనే లేదు, బాస్కెట్‌బాల్ ఆడాడు. 2025లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎంపికయ్యాడు.

2026 ఏప్రిల్ డ్రాఫ్ట్‌కు వేదిక పిట్స్‌బర్గ్. మన వేంకటేశ్వర స్వామి గుడి ఉన్న ఊరు కాబట్టి మీ పాఠకుల పిల్లలు, బంధువులు అక్కడ చాలామందే ఉంటారు. ఇకపై కూడా మీరు డ్రాఫ్ట్ మీద తప్పక వార్త వేయండి, కాస్త పెద్దదిగా వేయండి. వేలం అన్న చోట ఎంపిక అని, అమ్ముడుపోయాడు అన్న చోట ఎంపికయ్యాడు అని రాయమని మీ ఆటల పేజీ వారికి చెప్పవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
రిటైర్డ్ పీఈటీ, తెనాలి
(ప్రస్తుతం ఆపిల్టన్, విస్కాన్సిన్)